ఒక బంతి, రెండు ముక్కులు

కోస్గి బస్టాండు దుకాణంల పది రూపాయలకు
ఎర్ర రబ్బరు బంతి కొన్నం.
బ్లేడుతోటి నడుమకు కోస్తే రెండు ముక్కులైనయి.
ఒకటి నాకు, ఒకటి అంజిలప్పకు.
సక్రి వద్దన్నది:
"నాకు నా ముక్కుపుల్ల చాలు."
మా కంపెనీ పెట్టుబడి గంతే.

అంతకుముందు నేను ఎలుగుబంటిని.
పాలమూరు గడియారం కాడ, చీరల షోరూం ముంగట,
మే నెల ఎండల, బూరు తోలు లోపల
రోజుకు నాలుగొందలకు చెయ్యి ఊపుడు.
చెయ్యే ఊపాలె. ఇంకేం చెయ్యొద్దని షరతు.
ఒకనాడు ఒక పిలగాడు నన్ను చూసి జడుసుకొని ఏడిస్తే
వానికంటె ఎక్కువ జడుసుకొని
మెట్ల మీద కూలవడి పంజాతోటి కండ్లు తుడుసుకున్న.
వాడు నవ్విండు. ఆటోలు ఆగినయి.
లోపల చీరలు మడతవెట్టే పిల్లలు సుత బయటికొచ్చిండ్రు.
సేటు నా తలకాయ గుంజుకొని పంపిండు.
ఇంటికి నడుస్తుంటె
మొఖానికి గాలి తగిలింది, ఎన్నో నెలలకు.

తూర్పాటి అంజిలప్ప తాతలది పగటివేషం.
తానేమో గిన్నెలిచ్చి ఎంటికలు కొంటడు.
అందుకే మాకు విగ్గు ఖర్చు లేదు:
పదిహేడు ఊర్ల ఆడోళ్ళ చిక్కు ఎంటికలు
వాని నెత్తి మీద గూడు కట్టినయి.
ఏ ఊర్లె ఆడినా ఎవలో ఒకామె
"గిది నాదే" అని లేస్తదేమోనని వాని భయం.

సక్రిది పూణెల
పదమూడో అంతస్తు దాంక ఇటుకలు మోసిన మెడ.
కింద కాళ్ళు ఎంత ఎగిరినా
పైన చెంబుల నీళ్ళు తొణకవు.

మూతవడ్డ పల్లి మిల్లుల నెల దినాలు సాధన.
నేను నోటుబుక్కు తెచ్చిన. అంజిలప్ప దాని మీద కూసున్నడు.
"రాసుకున్న మాట ఊర్లెకొస్తె సస్తది.
ఎదురొచ్చినోడు ఏదిస్తె అదే మన ఆట.
తిడితె తిట్టు. కుక్కొస్తె కుక్క."

మొదటి ఆట. అదే బస్టాండు. పొద్దుగూకుతున్నది.
పావుగంట ఎవ్వలు తిరిగి చూడలె.
ఒక ముసలామె వచ్చి, మందులోళ్ళమనుకొని,
మోకాళ్ళ నొప్పులకు ఉన్నదా అనడిగింది.
అంజిలప్ప ఆమె మోకాళ్ళకు దండం వెట్టి
తన మోకాళ్ళను అమ్మనాబూతులు తిట్టిండు.
ఆమె చెంగు నోట్లె కుక్కుకొని నవ్వింది,
పోలె, ఆన్నే కూసున్నది.

కానిస్టేబులొచ్చిండు. ఈల ఊదిండు.
సక్రి దాన్ని తాళమనుకున్నది. ఒక అడుగేసింది.
ఆపమని మళ్ళ ఊదిండు. రెండడుగులు.
ఎర్రగైన మొఖంతోటి ఎడాపెడా ఊదిండు,
అద్దాల రైక జిగేలుమనంగ గిర్రున తిరిగింది పోరి.
జనం చప్పట్లు. ఎవని కోసమో ఆయనకు సమజ్ కాలె.
ఈల జేబుల ఏసుకొని
టోపీ సదురుకొని, పోలె ఆయన గుడ.

గప్పుడొచ్చింది బొంబాయి బస్సు.
మూటలెక్కినయి, తట్టలు పారలు ఎక్కినయి,
నవ్వుకుంట నవ్వుకుంట మా జనమంత ఎక్కిండ్రు.
మైదానం ఖాళీ.
కిటికీల పక్కపొంటి ఉరికినం,
పడ్డం, లేసినం, ఒకని లాగు ఒకడు గుంజినం.
సంకల బిడ్డను పెట్టుకున్నామె వంగి చూస్తున్నది.
ఆ బిడ్డ చెయ్యి చాపి
నా ముక్కు వీక్కున్నది.
బస్సు మలుపు తిరిగింది.

నూట ముప్పై ఏడు రూపాయలు, రెండు బత్తాయిలు,
పరాచికానికి ఎవలో ఏసిన చిరిగిన టికెట్టు.
మెట్ల మీద కూసొని సక్రి లెక్కవెట్టింది.
పది రూపాయలు పక్కకు పెట్టి
"ఇంకో బంతి కొందం" అన్నది.
పోయింది ఒక ముక్కే గదా, సగం బంతి ఎవలిస్తరు అన్న.

జవాబియ్యలె.
ముక్కుపుల్ల తీసి
కొంగుకు ముడేసుకుంటున్నది.